చిల్లు నాణేల తాడు

“నువ్వుంటే సగం ఖర్చు తగ్గుతాది వదినా” అన్నాడు ఆంజి.

అప్పుడు అంకాలమ్మ రాగిసంగటి కెలుకుతోంది. సంగటి దగ్గర చెయ్యి ఆపితే ఉండలు కడుతుంది కాబట్టి వెనక్కి తిరగలేదు. తెడ్డు తిప్పుతూనే ఆ మాటను లోపల ఒకసారి ఎత్తి చూసింది. పదేళ్ళుగా కార్గో పెట్టెలు సర్దిన చెయ్యి ఆమెది. అట్టపెట్టెను మోకాలి ఎత్తుకు లేపి ఇరవై ఎనిమిది కిలోలు అంటే తూకం యంత్రం మహా అయితే అరకిలో తేడా చూపించేది. కానీ ఆ శుక్రవారం ఆ మాట బరువు ఆమెకు అందలేదు. ఎందుకంటే దానికి ముందు మరిది పలికిన ఊరిపేరు కోపెన్‌హాగెన్. ఆ పేరు చెవిన పడగానే ఆమె మనసు తూకం మానేసింది.

ఆంజి కువైత్‌లో, షుఐబా దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. భార్య వెంకటేశ్వరిని, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని ప్రతి శుక్రవారం ఫర్వానియాలోని అన్న ఇంటికి భోజనానికి వస్తాడు. బక్రీదు సెలవులకు ఈసారి అందరూ కలిసి యూరప్ పోవాలని అతని ఆలోచన. దుబాయి అందరూ పోతున్నారు, చెప్పుకోవడానికి ఏముంది. అయితే వీసా ఇస్తారా అన్నది చిక్కు. అంతకుముందు పోయి, గడువులోపల బుద్ధిగా తిరిగొచ్చిన మనిషి ఒకరు జట్టులో ఉంటే పని తేలికవుతుందని అతనికి ఎవరో చెప్పారట. ఆ కుటుంబంలో అలాంటి మనిషి ఒక్కతే. మిష్రిఫ్‌లో పనిమనిషిగా ఉన్న రోజుల్లో, యజమానురాలు మామాతోనూ ఆమె పిల్లలతోనూ మూడు వేసవులు కోపెన్‌హాగెన్ పోయివచ్చిన అంకాలమ్మ.

“హోటలు తిండంటే మనం యాడ పెట్టుకుంటాం వదినా. వంటిల్లుండే ఫ్లాటు తీసుకుంటే నువ్వు వండుతావు. పిల్లోళ్ళు నీకాడ ఉంటారు. దోవలన్నీ నీకు తెలిసినవే, గైడు ఖర్చు గూడా ఉండదు.”

“మీ వదిన దేశాలు తిరిగిన మనిషిరా” అన్నాడు చిన్నపుల్లయ్య. భార్య గురించి ఆ మాట అతను పదమూడేళ్ళుగా అంటూనే ఉన్నాడు, అన్నప్పుడల్లా నవ్వుతూనే ఉన్నాడు.

అంకాలమ్మ సంగటి ముద్దలు చేసి, ఊరిబిండి పచ్చడి గిన్నె మధ్యలో పెట్టి, “ఏ నెల?” అని అడిగింది.

“మే ఆఖర్న.”

“అయితే అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర దాటితే గాని పొద్దు గూకదు” అంది.

ఇంట్లో ఒక్క క్షణం అందరూ ఆమె వైపు చూశారు. వాళ్ళెవరికీ తెలియనిది, ఫోనులో వెదక్కుండా ఆమె చెప్పగలిగింది. ఆ చూపు కోసమే ఆమె ఆ పని తలకెత్తుకుంది. ఎంత తక్కువకు ఒప్పుకుందో తర్వాత గాని తెలియలేదు.

దజీజ్‌లో వాళ్ళ కార్గో దుకాణం. లైసెన్సు పూచీ ఉన్న కువైతీ కఫీల్ది, బోర్డు మీద పేరు చిన్నపుల్లయ్యది, పని అంకాలమ్మది. ఈ దేశానికి ముందు వచ్చింది ఆమే. వచ్చిన ఆరేళ్ళకు తన జీతంతో మొగుడికి వీసా కొన్నది. ఇంకో ఆరేళ్ళకు ఇద్దరూ కలిసి దుకాణం పెట్టారు. ఊరికి సబ్బులు, పాలపొడి, దుప్పట్లు పంపుకునేవాళ్ళు సంచులు తెచ్చి ఆమె ముందు గుమ్మరిస్తారు. పెట్టెకు ఇంత అని ధర. పెట్టెలో ఖాళీ మిగిలితే గాలికి కిరాయి కట్టినట్టే. అందుకని ఆమె కుక్కరు కడుపులో మేజోళ్ళు, బూట్లలో సబ్బులు, దుప్పటి మడతల్లో అత్తరు సీసాలు దూర్చేది. ఖాళీల్లో దూరిన సరుకుకు కిరాయి ఉండదు. అది ఊరికే పోతుంది. అంకాలమ్మ సర్దిన పెట్టెలో వేలు దూరే సందు ఉండదని సాల్మియా నుంచి కూడా వచ్చేవాళ్ళు.

ఆమె లెక్కలన్నీ అట్టల మీదే. విప్పేసిన పెట్టె మూతను గోడకు ఆనించి నల్ల మార్కరుతో రాసుకుంటుంది. కోపెన్‌హాగెన్ కోసం పెద్ద పెట్టె మూతే తీసింది. ఆరుగురు, నాలుగు రాత్రులు.

మార్కరు మూత తీయగానే ఊరు దానంతటదే వచ్చి అట్ట మీద పడింది. విమానాశ్రయం నుంచి టాక్సీ అక్కర్లేదు, మెట్రో పావుగంటలో ఊళ్ళో దించుతుంది. పిల్లలిద్దరికీ బస్సులో టికెట్టు లేదు, పెద్దవాళ్ళ టికెట్టు మీద ఊరికే వస్తారు. కొళాయి నీళ్ళు తాగొచ్చు, నీళ్ళ సీసా కొన్నవాడు తెలివితక్కువవాడు. నల్లగా బరువుగా ఉండే రై రొట్టె నాలుగు ముక్కలు తింటే సాయంత్రం దాకా ఆకలుండదు. సాయంత్రం ఏడు దాటాక అంగట్లో మిగిలిన రొట్టెలకు ధర తగ్గించి చీటీ అంటిస్తారు. అరబ్బుల కొట్లు ఉండే వీధిలో కొత్తిమీర, పచ్చిమిరపకాయలు, బాస్మతి దొరుకుతాయి. సముద్రపు పాయలో తిరిగే పసుపుపచ్చ పడవ యాత్రికుల పడవ కాదు, సిటీ బస్సులాంటిది. బస్సు టికెట్టుతోనే ఎక్కొచ్చు. యాత్రికుల పడవకిచ్చే డబ్బులో పావువంతు కూడా కాదు, చూసే నీళ్ళు మాత్రం అవే.

రాస్తూ రాస్తూ ఆమె చెయ్యి ఆగింది. తనకు ఇన్ని తెలుసా అని ఆమెకే ఆశ్చర్యం. ఆ ఊళ్ళో రాజుగారి మేడ ఎలా ఉంటుందో తెలియదు. మ్యూజియంలో ఏముందో తెలియదు. మామా వాళ్ళు పొద్దున పోయి సాయంత్రం వచ్చి చెప్పుకునే కబుర్లలో విన్నవే. ఆమెకు తెలిసినదల్లా ఎక్కడ ఏది చవక అన్నది. సరుకులకు యజమాని బాబా రోజూ డబ్బిచ్చి, రాత్రి చీటీలతో సహా లెక్క అడిగేవాడు. తెల్లవారు ఐదుకు లేచి, పిల్లల గుడ్డలుతికి, ఎనిమిదికి టిఫిను పెట్టి, మధ్యాహ్నం పాపను తోపుడు బండిలో వేసుకుని ఇంటి దగ్గరి తోటకు పోయేది. తోట అనుకున్నది శ్మశానమని మూడో రోజుకు గాని తెలియలేదు.  కానీ చుట్టూ చూస్తే సమాధుల పక్కన గడ్డిలో కూర్చుని జనం కాఫీ తాగుతున్నారు, పుస్తకాలు చదువుకుంటున్నారు, ఒక ముసలామె అల్లిక అల్లుకుంటోంది. చచ్చినవాళ్ళ పక్కన కూడా ఇక్కడి ఆడవాళ్ళకు కూర్చునే తీరిక ఉందే అనుకుంది.

ఆ సంగతి సెలవుకు ఊరు పోయినప్పుడు మురిపెంగా చెప్పింది. అత్త సుబ్బాయమ్మ చేట దించకుండానే, “పనిమనిషికి ఊరు సూపిచ్చేవాళ్ళు యాడన్నా ఉంటారామే? వాళ్ళ వంటిల్లు సూసొచ్చి ఊరు సూసినా అంటాండావు” అంది. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. ఆ తర్వాత అంకాలమ్మ ఆ ఊరి మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఇదుగో, మళ్ళీ ఈ అట్ట మీద ఎత్తడం.

వీసాకు బ్యాంకు కాగితాలు కావాలి. చట్టం ప్రకారం అంకాలమ్మ జీతం నెలకు నూటయాభై దీనార్లు ఆమె పేరు మీదే బ్యాంకులో పడుతుంది. పడిన రోజే చిన్నపుల్లయ్య కార్డు పెట్టి తీసేస్తాడు. కార్డు అతని జేబులోనే ఉంటుంది. “నీకు నెంబరు గుర్తుండదులే” అని మొదట్లో అన్నాడు. నూరు పెట్టెల బరువులు నోటికి చెప్పే మనిషికి నాలుగు అంకెలు గుర్తుండవని ఆమె కూడా అప్పుడు నమ్మింది. ఇప్పుడు ఆంజి చెప్పాడు: “అన్నా, వదిన అకౌంటే మెయిను. నాలుగు నెలలు ముట్టగాకు. నేను గూడా నాలుగువందలు అందులో ఏస్తా. బ్యాలెన్సు నిండుగా కనపడాల.” అట్లా జనవరి నుంచి ఆమె జీతం ఆమె పేరు మీదే నిలిచింది. బ్యాంకు మెసేజీ ఫోనుకు వచ్చినప్పుడల్లా ఆమె ఒకసారి చదువుకుని, తాళం వేసినట్టు ఫోను మూసేది.

ఇక కావలసింది పాత పాస్‌పోర్టు. మూడు వీసాలూ అందులోనే ఉన్నాయి. అది మామా దగ్గరే ఉండిపోయింది.

మార్చిలో ఒక సాయంత్రం అంకాలమ్మ మిష్రిఫ్ పోయింది. గేటు రంగు మారింది. లోపల వాసన మారలేదు, అదే బఖూర్ ధూపం పొగ. కొత్త పనిపిల్ల తలుపు తీసింది. మామా మోకాళ్ళ నొప్పులతో సోఫాలో కూర్చుని ఉంది. చూడగానే రెండు చేతులూ చాచి, “మేరీ, నా మేరీ” అంది.

ఆ ఇంట్లో అంకాలమ్మ పేరు మేరీ. ఆమెకు ముందు పనిచేసిన మనిషి పేరు అది. పిల్లలకు కొత్త పేరు అలవాటు చేయడం కష్టమని పాత పేరే ఉంచేశారు. పన్నెండేళ్ళు ఆ పేరుకు పలికింది. ఇప్పుడూ పలికింది. మనసులో కోపం లేదు. ఆ చేతుల్లో వెచ్చదనం నిజమైనదే, దాన్ని తక్కువ కట్టడానికి ఆమెకు మనసు రాదు. ఆంజనేయస్వామి తాయెత్తు కట్టుకుని వచ్చిన పిల్లకు జ్వరం వస్తే తలమీద తడిగుడ్డ వేసింది ఈ మనిషే. పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టుకున్నదీ ఈ మనిషే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగలదు గానీ, ఒకదాంట్లోంచి ఒకటి తీసివేయలేదు.

మామా ఒక డబ్బా తెప్పించింది. పాస్‌పోర్టు ఫొటోల కట్ట కింద ఉంది. ముందు ఫొటోలు చూపించింది. పసుపుపచ్చ ఇళ్ళ ముందు బాబా, బాతుల చెరువు దగ్గర పెద్దపిల్లలు, ఆటల తోట గేటు ముందు అందరూ. తోపుడు బండిలో చిన్నపాప నూరా, బండి పిడి మీద రెండు చేతులు, మణికట్టు వరకే.

“ఎంత మంచి రోజులు మేరీ. మనందరం ఎంత హాయిగా తిరిగాం.”

“అవును మామా” అంది అంకాలమ్మ. అబద్ధం కాదు. ఆమెకూ కళ్ళు చెమర్చాయి. ఆ చేతులు ఎంత నున్నగా ఉండేవో, ముప్పై రెండేళ్ళ చేతులు.

పాస్‌పోర్టు చేతికొచ్చాక బస్‌స్టాపులో కూర్చుని తెరిచింది. రద్దయిన గుర్తుగా మూలలు కత్తిరించి ఉంది. మూడు వీసాలు, మూడింటి మీదా తన ముఖం. అప్పుడు తట్టింది, ఆ ఊళ్ళో తను ఉన్నట్టు చెప్పే ఫొటోలు ఇవే అని. ఆ మూడు ప్రయాణాల్లోనూ ఈ పుస్తకం తన చేతిలో ఉన్నది మహా అయితే పదిహేను అడుగులు. కౌంటరు ముందు నిలబడే ముందు మామా ఇచ్చేది, ముద్ర పడగానే మామా చేతిసంచిలోకి పోయేది. పక్కన పేరు: అంకాలమ్మ. తడిమి చూసింది. ఎవరూ అడగకపోయినా ఆ పేరు అక్కడ ఇన్నేళ్ళూ ఉంది.

ఆ రాత్రి కాదు, మరునాడు పొద్దున దుకాణం తెరిచాక, నడుముకు కట్టుకున్న నల్లదారం ఒకటి విప్పింది. దానికి గుచ్చిన నాణేలు గలగలమన్నాయి. ఆ దేశపు చిన్న నాణేలకు నడుమ గుండ్రటి చిల్లు ఉంటుంది.

మూడో వేసవి అది. మామా ఇంట్లో జ్యూసు సీసాలు, కోలా డబ్బాలు రోజూ ఒక సంచెడు అయ్యేవి. ఆ దేశంలో ఖాళీ సీసాకు బయానా ఉంటుంది. అంగట్లో మిషను నోట్లో పెడితే చీటీ వస్తుంది, చీటీ చూపిస్తే నాణేలు ఇస్తారు. బాబా వాటిని చెత్తలో పారేయమన్నాడు. పారేయమన్నది కాబట్టి దానికి లెక్క అడగడు. అంకాలమ్మకు ఆ తేడా బాగా తెలుసు. జీతం నెల నెలా ఊరికి పోయేది. అత్తకు ఇంత, ఇంటి రేకులకు ఇంత, మొగుడి వీసాకు చేసిన అప్పుకు ఇంత అని రాకముందే పంచి ఉండేది. ఈ చిల్లు నాణేలకు మాత్రం ముందే పేరు రాసుకున్నవాళ్ళు ఎవరూ లేరు. నల్లదారానికి గుచ్చి, నైటీ లోపల నడుముకు కట్టుకుంది.

చివరి రోజున అందరూ ఊరి నడిమధ్య ఉన్న ఆటల తోటకు పోయారు. గేటు దగ్గర బాబా టికెట్టు ధర చూసి, “మేరీ లోపలికి వచ్చి ఏం చేస్తుంది? నూరాను నేనెత్తుకుంటాను. టికెట్టు దండగ” అన్నాడు. మామా, “పాపం, ఆ బెంచీ మీద కూర్చో, నాలుగు గంటల్లో వచ్చేస్తాం” అంది.

వాళ్ళు లోపలికి పోయాక పది నిమిషాలు కూర్చుంది. అవమానం అనుకోవాలా వద్దా అని కూడా తెలియలేదు. తర్వాత లేచింది. నాణేలతో టికెట్టు కొని పసుపుపచ్చ పడవ ఎక్కింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా నిలబడే పోయింది. బండి లేదు, పాప లేదు, చేతులు రెండూ ఏం చేయాలో తెలియక కమ్మీ పట్టుకున్నాయి. దిగినచోట చెక్క మెట్లు నీళ్ళలోకి దిగుతున్నాయి. ఒక డబ్బా స్ట్రాబెర్రీలు కొని, కాళ్ళు నీళ్ళలో పెట్టి కూర్చుంది. ఒక్కొక్కటే తినింది. సగం అయ్యాక చెయ్యి అలవాటుగా ఆగింది, ఎవరికి తీసిపెట్టాలా అని. ఎవరూ లేరు. మిగతా సగమూ తినింది. పుట్టి బుద్ధెరిగాక ఒక డబ్బా పూర్తిగా తనే తిన్నది ఆ రోజు ఒక్కటే. గాలికి కొంగు ఎగిరిపోతుంటే పట్టుకోలేదు.

వాళ్ళు వచ్చేసరికి బెంచీ మీద కూర్చుని ఉంది. “విసుగొచ్చిందా?” అని మామా అడిగితే, “లేదు మామా” అని మాత్రం అంది. ఆ నాలుగు గంటల సంగతి ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. కువైత్ వచ్చాక మిగిలిన నాణేలు మార్చుకుందామని పోతే, ఎక్స్ఛేంజి గుమాస్తా తాడును వేలితో ఊపి, “నోట్లే తీసుకుంటాం, చిల్లర ఎక్కడా తీసుకోరు, మెళ్ళో వేసుకో” అని నవ్వాడు. ఆమె మళ్ళీ నడుముకే కట్టుకుంది. మొత్తం ముప్పై ఏడు క్రోనర్లు.

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం. భోజనాలయ్యాక అట్టను గోడకు ఆనించి అంకాలమ్మ ప్లాను చెప్పింది. రోజుకొక వైపు, నడిచి పోయేవి ముందు, టికెట్టువి తర్వాత. ఆంజి ఫోనులో కూడుతూ వచ్చాడు. చివర్న ఆటల తోట దగ్గరకు వచ్చారు. పిల్లలు ఎగిరి గంతేశారు.

“ఇది మటుకు రేటు గట్టిగుండాదే” అన్నాడు ఆంజి. “ఆరు టికెట్లు. వదినా, నువ్వు ముందే సూసినావు గదా.”

“లోపలికి పోలేదు.”

“పోనీలే, ఆ రంగులరాట్నాలు నువ్వేం ఎక్కుతావు. అయిదు తీసుకుందాం. నువ్వు ఫ్లాటులోనే ఉంటే రాత్రికి వంటన్నా అయితాది.”

“లేకుంటే బయట బెంచీల మీద కూచుంటాదిలే” అన్నాడు చిన్నపుల్లయ్య, పళ్ళ సందున పుల్ల తిప్పుకుంటూ. “ఆమెకు అలవాటే.”

అతనికి ఆ బెంచీ సంగతి తెలియదు. తెలియకుండానే సరిగ్గా దాని మీదే కూర్చోబెట్టాడు. అంకాలమ్మ అట్ట మీద ‘6’ను కొట్టేసి ‘5’ రాసింది. గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది. వెంకటేశ్వరి వెనకాలే వచ్చి, “నేనన్నా నీతో ఉంటాలే అక్కా” అంది మెల్లగా. ఆ పిల్ల గొంతులో తోట చూడాలన్న ఆశ దాగలేదు. అంకాలమ్మ ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని, “నువ్వు పో. నాకోసం నువ్వెందుకు మానుకుంటావు” అంది.

గిన్నెలు కడుగుతుంటే జనవరినాటి మాట మళ్ళీ చేతికొచ్చింది. నువ్వుంటే సగం ఖర్చు తగ్గుతాది. ఈసారి తూచింది. ఆరుగురు బయట తింటే ఎంత, పిల్లలను చూసే మనిషికి ఆ ఊళ్ళో గంటకు ఎంత, దారి చూపేవాడికి ఎంత. అవన్నీ తనే. వీళ్ళ ప్రయాణం చవక కావడం లేదు. తనను కిరాయి లేకుండా ఖాళీల్లో దూరుస్తున్నారు, కుక్కరులో మేజోళ్ళలాగా. పదేళ్ళుగా తన చేత్తో తను చేసే పనే. గుర్తుపట్టడానికి ఇన్ని నెలలు పట్టిందే అని తనమీద తనకే నవ్వొచ్చింది. ఇంతకీ ఆమెకు కావలసింది కోపెన్‌హాగెన్ కాదు. కోపెన్‌హాగెన్‌లో ఆ నాలుగు గంటలు. వీళ్ళతో పోతే ఊరు దొరుకుతుంది, ఆ గంటలు దొరకవు. దొరికినా, టికెట్టు దండగని ఎవరో మిగిల్చి పారేసినవే దొరుకుతాయి, సీసాల్లాగా.

పొద్దున దుకాణంలో అట్టను తిప్పి, వెనక వైపు రాయడం మొదలుపెట్టింది. ఒక మనిషి, మూడు రాత్రులు. సెప్టెంబరులో టికెట్టు చవక. ఆడవాళ్ళ హాస్టల్లో ఒక మంచం. వీసా ఖర్చుతో కలిపి రెండువందల యాభై దీనార్ల లోపలే తేలింది. నాలుగు నెలల జీతంలో సగం కూడా కాదు. వంట అన్న గీత ముందు సున్నా పెట్టి, ఆ సున్నాను కాసేపు చూసింది.

ఆ తర్వాతి శనివారం అందరూ ఇమ్తియాజ్ దగ్గరకు పోయారు. దజీజ్‌లో వాళ్ళ దుకాణానికి నాలుగు గుమ్మాల అవతల అతని టైపింగు కొట్టు. రాయచోటి మనిషి, ఎవరి వీసా ఫారమైనా అతనే నింపుతాడు. ఆంజిది, వెంకటేశ్వరిది, పిల్లలది, చిన్నపుల్లయ్యది అయ్యాయి. “ఇంక నీదే అంకాలక్కా” అన్నాడు. “తేదీ అదే గదా, మే ఇరవై ఆరు.”

“కాదు. పోయేది సెప్టెంబరు తొమ్మిది. వచ్చేది పన్నెండు” అంది అంకాలమ్మ. “వేరే ఫారం పెట్టు. నేనొక్కదాన్నే.”

కీబోర్డు మీద ఇమ్తియాజ్ వేళ్ళు ఆగాయి. చిన్నపుల్లయ్య నవ్వబోయి, భార్య ముఖం చూసి మానుకున్నాడు.

“ఏంమే, తమాషాలా?”

“తమాషా ఏముంది. సెలవు కాగితం మీద కఫీల్ సంతకం తెచ్చినా.” కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

ఆంజి గొంతు తగ్గించి, “వదినా, అట్లయితే మా బడ్జెట్టంతా తప్పుతాది” అన్నాడు.

“ఇన్నాళ్ళూ తప్పుండె నాయనా. ఇప్పుడు సరైంది.” సంచిలోంచి మడిచిన అట్ట తీసింది. “పూటకు వంట కూలి ఎంత, పిల్లోళ్ళ కాడ గంటకు ఎంత, అన్నీ ఆ ఊరి రేటు ప్రకారం కిందనే రాసినా. అవి కూడితే వచ్చేదే మీ ట్రిప్పు అసలు ధర. పోతారో మానుతారో మీ ఇష్టం. నా పాత వీసాల జిరాక్సు మీ ఫారాలకు పెట్టుకోండి, నేనేం వద్దనను. నువ్వేసిన నాలుగువందలు పొద్దున్నే నీ అకౌంటుకు తిప్పినా, ఫోను సూసుకో.”

“తిప్పినావా? కార్డు నాకాడ ఉంటే ఎట్ల తిప్పినావు?” అన్నాడు చిన్నపుల్లయ్య.

“ఫోనులో. ఇమ్తియాజే నేర్పించె.”

ఇమ్తియాజ్ తెర వైపు చూస్తూ ఉండిపోయాడు.

“నువ్వు పోతే దుకాణం ఎవరు సూస్తారు?”

“బోర్డు మీద పేరెవరిది?” అంది అంకాలమ్మ. గొంతు పెంచలేదు. పెట్టె బరువు చెప్పినట్టు చెప్పింది.

 పిల్లాడు, “పెద్దమ్మ రాదా?” అని అడిగాడు. వెంకటేశ్వరి చెయ్యి చాచి ఆ అట్ట అందుకుంది. ఒకవైపు చదివింది. తిప్పి, రెండో వైపు చదివింది. రెండో వైపు చదవడానికి ఎక్కువసేపు పట్టింది. తర్వాత దాన్ని మడిచి మొగుడికి ఇవ్వకుండా తన సంచిలో పెట్టుకుని, “నాలుగు రోజులు తిరిగేదానికి పోయి నేనెందుకు వండాల, రొట్టెలు తిందాం” అంది, ఎవరివైపూ చూడకుండా.

ఇమ్తియాజ్ గొంతు సవరించుకున్నాడు. “చెప్పక్కా. పేరు?”

“అంకాలమ్మ.”

“ఖర్చు ఎవరిదని అడుగుతాండారు ఇక్కడ. స్పాన్సర్ పేరు రాయాల. ఇంతకుముందువి మూడూ మామా పేరు మీదే ఉండాయి. ఇప్పుడు అన్న పేరు రాసేదా?”

“స్పాన్సర్ లేదు. నా ఖర్చు నాదే అని రాయి.”

అతను టిక్కు పెట్టాడు. “ఖర్చులకు ఏమేం ఉండాయి? బ్యాంకు సరే. నగదు ఏమన్నా తీసకపోతాండావా?”

అంకాలమ్మ నడుము దగ్గర చెయ్యి పెట్టి, ముడి విప్పి, నల్లదారాన్ని బల్ల మీద పెట్టింది. నాణేలు ఒకదాని మీద ఒకటి సర్దుకుని గలగలమన్నాయి. చిన్నపుల్లయ్య వంగి చూశాడు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆ తాడు అతను ఎన్నోసార్లు చూశాడు, దిష్టితాడనుకున్నాడు.

“ముప్పై ఏడు క్రోనర్లు” అంది అంకాలమ్మ. “పదమూడేళ్ళు నా ఒంటి మీద ఉండాయి, ఈ దేశంలో ఎవరూ తీసుకోలే. చెల్లే ఊరికే పోతాండా. రాసుకో.”